షెడ్డులో పూర్తయ్యే యంత్రం

లేత్ మీద జాబ్, అంటే కోయాల్సిన ముక్క, తిరుగుతుంది, టూల్ ఒకచోట నిలబడి కోస్తుంది. మిల్లింగ్ మెషీన్ మీద కట్టర్ తిరుగుతుంది, బల్లకు బిగించిన జాబ్ దాని ముందుకు జరుగుతుంది. ఈ రెండు పనులూ ఒకే బెడ్ మీద చేసే జంట యంత్రమంటే ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు చిన్నచూపు. అది లేత్‌గానూ అరకొరే, మిల్లుగానూ అరకొరే అంటారు. ఇంట్లో పెట్టుకోవడానికి దాన్ని కొన్నవాళ్లు కొన్నాళ్లకే విప్పి, మోటారు మార్చి, టూల్ పోస్టు మార్చి, కొత్త భాగాలు చేసి తగిలిస్తుంటారు కదా, అదే ఇందుకు సాక్ష్యమని చూపిస్తారు. సరైన యంత్రమే అయితే ఇన్ని మార్పులెందుకని వాళ్ల ప్రశ్న. ఇంగ్లండ్‌లో రెండు శతాబ్దాలకు పైగా నడిచిన ఇంటి వర్క్‌షాపుల చరిత్రను వరసగా చూసుకుంటూ వస్తే నాకు ఇందుకు ఎదురు మాట తోస్తుంది. ఇంటి లేత్‌ను ఫ్యాక్టరీ లేత్‌కు చవకరకం నకలుగా చూడటంలోనే పొరపాటుంది. దాని వంశం వేరు. ఆ వంశంలో యంత్రాన్ని తయారీదారు కొంత చేసి పంపుతాడు, మిగతాది కొన్నవాడి చేతిలో పూర్తవుతుంది. కొన్న తర్వాత చేసే మార్పులను దాని తయారీలో చివరి దశగా లెక్కవేస్తేనే ఆ యంత్రం ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది.

ఈ వంశానికి మూలం ఆవిరి ఇంజన్ల షెడ్లలో లేదు, సంపన్నుల ఇళ్లలో ఉంది. యూరప్‌లో తరిమెన (లేత్) పట్టడం ఒకప్పుడు రాజుల వ్యాపకం. ఫ్రాన్సులో షార్ల్ ప్లూమియే తరిమెన పని మీద పెద్ద గ్రంథాన్ని 1701లో అచ్చువేశాడు. రష్యా చక్రవర్తి పీటర్‌కు ఆంద్రేయి నార్తోవ్ అనే నేర్పరి లేత్‌లు చేసిపెట్టాడు. స్ట్రాస్‌బర్గ్ నుంచి 1792లో లండన్ వచ్చిన జాన్ జేకబ్ హోల్ట్‌జాప్ఫెల్ 1795లో తన మొదటి లేత్ అమ్మాడు. తర్వాతి నూరేళ్ల పైచిలుకు కాలంలో ఆ కుటుంబం వరస నంబర్లు వేసి సుమారు రెండున్నర వేల లేత్‌లు అమ్మింది. ఏనుగు దంతం మీదా, గట్టి చెక్క మీదా నగిషీలు చెక్కడానికి కొన్న లేత్‌లవి. వాటిలో మన విషయానికి కావలసింది టూల్ పోస్టు దగ్గర ఉంది. లేత్ పైన ఎత్తుగా ఒక చట్రం నిలబెట్టి, కాలితో తొక్కే చక్రం నుంచి తాడు దాని మీదుగా తెచ్చి, స్లైడ్ రెస్ట్ మీద అమర్చిన చిన్న కట్టర్‌ను తిప్పేవారు. జాబ్ కదలకుండా ఉండేది. జాబ్‌ను తిప్పే హెడ్‌స్టాక్ కప్పీకి రంధ్రాల వలయాలున్న పలక ఒకటి ఉండేది. ఆ రంధ్రాలను లెక్కపెట్టి జాబ్‌ను కావలసినంత మేర తిప్పి, మళ్లీ బిగించి, మళ్లీ కోసేవారు. కట్టర్ తిరుగుతోంది, జాబ్ ఆగి ఉంది, భాగాల లెక్క కచ్చితంగా ఉంది. పేరు ఏం పెట్టుకున్నా జరిగే పని మిల్లింగే. అమెరికాలో తుపాకుల తయారీ కోసం మిల్లింగ్ మెషీన్ విడిగా రూపుదిద్దుకున్నది 1810ల్లో. జోసెఫ్ బ్రౌన్ యూనివర్సల్ మిల్లింగ్ మెషీన్ 1862 నాటిది. గడియారాల పళ్ల చక్రాలు కోసే పరికరాల్లో తిరిగే కట్టర్ అంతకు చాలా ముందే ఉంది కాబట్టి ఆ ఆలోచన హోల్ట్‌జాప్ఫెల్ సొంతమని నేననను. అయితే లేత్ మీదే మిల్లింగ్ చెయ్యడమన్నది మిల్లు కొనలేనివాళ్లు కనిపెట్టిన సర్దుబాటు అనే మాట మాత్రం నిలబడదు. కొనడానికి మిల్లే లేని రోజుల్లో, ఏదైనా కొనగలిగినవాళ్ల ఇళ్లలో అది మొదలైంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. హోల్ట్‌జాప్ఫెల్ లేత్‌లు వాడిన జమీందార్లూ మతగురువులూ పరికరాలను కొన్నారే తప్ప తాము చేసుకోలేదు. చార్లెస్ హోల్ట్‌జాప్ఫెల్ 1843లో మొదలుపెట్టి, కొడుకు 1884 నాటికి అయిదో సంపుటం దాకా తెచ్చిన మహా గ్రంథం యంత్రవిద్యను బోధించినా, కొత్త పరికరం కావాలంటే కొట్టుకు వెళ్లడమే వాళ్లకు అలవాటు. యంత్రం ఎప్పటికీ పూర్తికాదనీ, దానికి ఎప్పుడూ ఏదో ఒకటి చేర్చాల్సి ఉంటుందనీ వాళ్లు చూపించారు. ఆ చేర్పును స్వయంగా చేసుకునే మనిషి మరో తరగతి నుంచి వచ్చాడు.

అతడికి వేదిక దొరికింది 1898లో. పెర్సివల్ మార్షల్ ఆ జనవరిలో మోడల్ ఇంజనీర్ పత్రిక ప్రారంభించాడు. అదే ఏడు లండన్‌లో మోడల్ ఇంజనీర్ల సంఘం ఏర్పడింది. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఫిట్టర్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు పెరటి షెడ్డులో చిన్న రైలింజన్లూ, ఆవిరి యంత్రాలూ చేయడం మొదలుపెట్టారు. దంతం మీద నగిషీకీ లోహం మీద పనికీ పోలిక లేదు. రైలింజన్ అంటే సిలిండర్ ఉంటుంది, దాని లోపలి రంధ్రం నునుపుగా, తిన్నగా బోర్ కావాలి. పక్కనే ఆవిరి వాల్వు జరిగే చదును ముఖం కావాలి. ఇరుసులకు కీ గాళ్లు కావాలి. ఇవన్నీ ఒక్క లేత్ మీద కావాలి, ఎందుకంటే షెడ్డులో రెండో యంత్రానికి చోటు లేదు, జేబులో డబ్బూ లేదు. గిల్‌ఫర్డ్ దగ్గర డ్రమ్మండ్ సోదరులు 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో చేసిన చిన్న లేత్‌లు ఈ మనిషిని దృష్టిలో పెట్టుకున్నవి. వాటి క్రాస్ స్లైడ్ (బెడ్‌కు అడ్డంగా జరిగే పలక) పైభాగాన టీ ఆకారపు గాళ్లు కోసి ఉంటాయి. ఆ గాళ్ల గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఉత్త టర్నింగ్ పనికి ఆ గాళ్లతో అవసరం లేదు, టూల్ పోస్టుకు ఒక్క బోల్టు చాలు. గాళ్లు కోస్తే బీడు పలక కాస్త బలహీనపడుతుంది, తయారీ ఖర్చు పెరుగుతుంది. అయినా కోశారంటే ఆ పలక మీదికి జాబే ఎక్కుతుందని తయారీదారుకు ముందే తెలుసు. టూల్ పోస్టు తీసేసి సిలిండర్ పోతను ఆ బల్లకు బిగిస్తారు. రెండు సెంటర్ల మధ్య బోరింగ్ బార్ తిప్పుతారు. క్యారేజీ మెల్లగా జాబ్‌ను ముందుకు నడుపుతుంది. లేత్ ఇప్పుడు బోరింగ్ మెషీన్. అదే బల్ల మీద దిమ్మె బిగించి, చక్‌లో కట్టర్ పెడితే మిల్లు. ఆ దిమ్మె ఎలా ఉండాలో, దేంతో బిగించాలో తయారీదారు చెప్పలేదు. గాళ్లిచ్చి ఊరుకున్నాడు. యంత్రాన్ని కావాలనే పూర్తి చేయకుండా పంపాడనడానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు కనిపించదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో డ్రమ్మండ్ ఎం-రకం లేత్ తయారీ నాటింగ్‌హామ్ దగ్గరి బీస్టన్‌లో ఉన్న మైఫర్డ్ కంపెనీ చేతికి వచ్చింది. సెసిల్ మూర్ 1934లో పెట్టిన కంపెనీ అది. 1946లో వచ్చిన మైఫర్డ్ ఎం.ఎల్.7, 1953లో వచ్చిన సూపర్ 7 ఇంగ్లండ్ ఇంటి వర్క్‌షాపుకు మారుపేర్లయ్యాయి. సెంటర్ ఎత్తు మూడున్నర అంగుళాలే. క్రాస్ స్లైడ్ మాత్రం పొడుగ్గా, టీ గాళ్లతో ఉంటుంది. దాని మీద నిలబెట్టే వర్టికల్ స్లైడ్ అనే పరికరాన్ని కంపెనీయే అమ్మేది. కట్టర్ హెడ్‌స్టాక్‌లో తిరుగుతుంటే జాబ్ దానికెదురుగా నిలువు బల్ల మీద పైకీ కిందికీ, పక్కలకీ కదులుతుంది. కాగితం మీద ఇది తేలిక. యంత్రం మీద చిక్కులు ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి. టర్నింగ్‌లో టూల్ మీద పడే ఒత్తిడి చాలావరకు కిందికి, ఒకే తీరున ఉంటుంది. లేత్ స్లైడులు ఆ భారానికి తగ్గట్టు చేసినవి. మిల్లింగ్ కట్టర్ ఒక్కో పన్నుతో కొడుతూ పోతుంది. ఒత్తిడి ఆగి ఆగి వస్తుంది, దిశ మారుస్తుంది, జాబ్‌ను పైకి లాగబోతుంది. ఫీడ్ స్క్రూకీ నట్‌కీ మధ్య ఉన్న కొద్దిపాటి వదులు టర్నింగ్‌లో ఇబ్బంది పెట్టదు. మిల్లింగ్‌లో, కట్టర్ తిరిగే దిశలోనే జాబ్‌ను తోస్తే, ఆ వదులంతా ఒక్కసారిగా తీరి జాబ్ కట్టర్ మీదికి దూకుతుంది. కట్టర్ విరుగుతుంది, ఒక్కోసారి జాబ్ కూడా పాడవుతుంది. మామూలు మూడు దవడల చక్‌లో పట్టిన కట్టర్ అదురుకు మెల్లగా బయటికి పాకి, అనుకున్నదానికంటే లోతుగా కోసేస్తుంది.

ప్రతి చిక్కుకూ ఒక మార్పు పుట్టింది. చక్‌కు బదులు స్పిండిల్ లోపలి మోర్స్ టేపర్‌లో కాలెట్ పెట్టి, వెనక నుంచి పొడవాటి బోల్టుతో లాగి బిగించారు. కదలక్కర్లేని స్లైడును ఆపడానికి, దాని వదులు సరిచేసే జిబ్ పట్టీ మీద తాళం స్క్రూలు చేర్చారు. వర్టికల్ స్లైడ్ ఊగకుండా వెనక కోణపు దిమ్మె ఆనించారు. మరచుట్లు కోయడానికి లేత్‌తో పాటు వచ్చే పళ్ల చక్రాలు భాగాల లెక్కకు పనికొచ్చాయి. 60 పళ్ల చక్రాన్ని స్పిండిల్ చివర తగిలించి, పళ్ల మధ్య మీట దిగేట్టు చేస్తే 2 నుంచి 6 దాకా, ఆపైన 10, 12, 15, 20, 30, 60 సమభాగాలు దొరుకుతాయి. హోల్ట్‌జాప్ఫెల్ రంధ్రాల పలక చేసిన పనే ఇది, కొత్త ఖర్చేమీ లేకుండా. ఇలాంటి ఉపాయం మనకూ కొత్త కాదు. ఆటోనగర్ లేత్ షాపుల్లో కప్పీ లోపలి కీ గాడిని, స్పిండిల్ తిప్పకుండా, క్యారేజీని చేత్తో ముందుకీ వెనక్కీ తోసి కోసే టర్నర్లున్నారు. అయితే మన దగ్గర లేత్ బతుకుతెరువు. సాయంత్రానికి జాబ్ ఇచ్చి పంపాలి. అందుకే ఆ నేర్పు చేతి నుంచి చేతికి వెళ్లింది. ఇంగ్లండ్ షెడ్డులో తొందర లేదు, పైగా అప్పట్లో వారం వారం పత్రిక ఉండేది. అందుకే అక్కడ అది డ్రాయింగ్‌గా మారి అచ్చయింది.

అచ్చు కావడమే ఈ చరిత్రలో అసలు మలుపు. ఎడ్గర్ వెస్ట్‌బరీ, జార్జ్ థామస్, డెనిస్ చాడక్ లాంటి మోడల్ ఇంజనీర్ రచయితలు తమ మార్పులను కొలతలతో, పనుల వరసతో, ఏ దశలో ఏది చెడే ప్రమాదముందో చెబుతూ రాశారు. వెస్ట్‌బరీ రూపకల్పన ఆధారంగా డోర్ సంస్థ ఒక మిల్లింగ్ మెషీన్‌ను పోతల కిట్‌గా అమ్మింది. థామస్ మైఫర్డ్ కోసం గీసిన డివైడింగ్ హెడ్‌నూ, జాబ్‌ను తెగ్గోసే వెనక టూల్ పోస్టునూ ఇప్పటికీ చేస్తున్నారు. ఇందులో చాడక్ ఉదాహరణ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన 1970ల్లో క్వార్న్ అనే టూల్ గ్రైండర్‌ను రూపొందించాడు. మిల్లింగ్ కట్టర్లకు పదును పెట్టే యంత్రాలకు మామూలుగా చదునైన స్లైడులుంటాయి. వాటిని కోయడానికి పెద్ద మిల్లో, సర్ఫేస్ గ్రైండరో కావాలి. చాడక్ ఆ స్లైడులన్నీ వదిలేసి గుండ్రని కడ్డీల మీద కదిలి బిగుసుకునే యంత్రం గీశాడు. గుండ్రనిది ఏదైనా లేత్ చేయగలదు కాబట్టి. పనిముట్టు రూపం దాన్ని చేయబోయే షెడ్డును బట్టి నిర్ణయమైంది. ఫ్యాక్టరీ యంత్రాలకు నకళ్లు చేసేవాడికి ఈ ఆలోచన రాదు. తన దగ్గరున్న ఒక్క యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఏళ్ల తరబడి మార్పులు చేస్తూ తెలుసుకున్నవాడికే వస్తుంది.

వర్క్‌షాపువాళ్లు ఇలా తమ పనిముట్లు తామే చేసుకుంటూ కూర్చుంటే అసలు పని ఎప్పుడు జరుగుతుందని ఒక విమర్శ ఉంది. రైలింజన్ చేద్దామని మొదలుపెట్టి, దానికి కావలసిన పరికరం చేస్తూ, ఆ పరికరానికి కావలసిన మరో పరికరం చేస్తూ జీవితం గడిపినవాళ్లు ఉన్నారు. ఆ మాట నిజమే. దాన్ని నష్టంగా లెక్కవేయడం దగ్గరే నాకు అంగీకారం లేదు. రైలింజన్ ఒక ఇంట్లో ఉండిపోతుంది. అచ్చయిన డివైడింగ్ హెడ్ మరెన్నో ఇళ్లకు చేరి, వాటిలో రైలింజన్లకూ గడియారాలకూ పుట్టుకనిస్తుంది. 1990లో మోడల్ ఇంజనీర్స్ వర్క్‌షాప్ అనే పత్రిక విడిగా వచ్చిందంటే, పనిముట్లు చేసుకోవడమే ఒక విద్యగా నిలబడిందన్న మాట.

ఈ వంశంలో రెండో శాఖ ఆస్ట్రియా నుంచి వచ్చింది. సాల్జ్‌బర్గ్ దగ్గరి హలైన్‌లో మయ్యర్ సంస్థ 1950ల్లో ఎమ్కో పేరుతో తెచ్చిన యూనిమ్యాట్ ఒక చిన్న మేజా మీద పట్టేది. రెండు గుండ్రని కడ్డీలే దాని బెడ్. హెడ్‌స్టాక్‌ను ఊడదీసి నిలువు స్తంభానికి తగిలిస్తే అదే డ్రిల్లు, అదే మిల్లు. తర్వాత అదే సంస్థ మ్యాక్సిమ్యాట్ వరసలో పెద్ద లేత్ మీద విడి మిల్లింగ్ హెడ్ నిలబెట్టింది. 1980ల నుంచి చైనాలో తయారై అమెరికాలో స్మిథీ లాంటి పేర్లతో అమ్ముడైన మూడు పనుల యంత్రాలు ఈ దారివే. హెడ్‌స్టాక్ నెత్తిన మిల్లింగ్ హెడ్, కింద క్రాస్ స్లైడే బల్ల. ఇంతకాలం కొన్నవాడు సమకూర్చుకున్నది ఇప్పుడు పెట్టెలోనే వస్తోంది కదా, ఇక మార్పులతో పనేముందని అనుకోవచ్చు. జరిగింది అందుకు విరుద్ధం. క్రాస్ స్లైడ్ నడక తక్కువ కావడంతో పెద్ద జాబ్‌ను మధ్యలో విప్పి మళ్లీ బిగించాలి, కాబట్టి దానికి పొడవాటి బల్లలు చేశారు. గుండ్రని స్తంభమున్న వాటిలో హెడ్‌ను పైకి జరపగానే అది పక్కకు తిరిగి, అప్పటిదాకా పట్టిన కేంద్రం తప్పిపోతుంది. కొందరు స్తంభానికి తాళపు పట్టీ అమర్చారు. కొందరు హెడ్‌కు లేజర్ దీపం కట్టి, దూరపు గోడ మీద చుక్క పడే గుర్తును చూసి హెడ్‌ను మళ్లీ వరసకు తెచ్చారు. దూరం పెరిగేకొద్దీ చిన్న తేడా కూడా గోడ మీద పెద్దదిగా కనిపిస్తుందన్న సూత్రం అందులో ఉంది. బెల్టు మార్చి వేగం మార్చే పాత ఏర్పాటు తీసేసి మూడు ఫేజుల మోటారు, దానికి ఇన్వర్టర్ డ్రైవ్ పెట్టారు. స్లైడులకు డిజిటల్ కొలబద్దలు బిగించారు. పెట్టెలోంచి బయటికి తీసిన యంత్రం మళ్లీ సగం యంత్రమే అయింది.

ఇక్కడ ఫ్యాక్టరీవాళ్ల అసలు వాదన వినాలి. బలం బరువులో ఉంటుంది. టన్ను బరువున్న మిల్లు ఒక్క కోతలో తీసే లోహాన్ని ఇంటి యంత్రం పది కోతల్లో తీస్తుంది, అప్పుడూ అదురుతుంది. ఎన్ని దిమ్మెలు ఆనించినా చిన్న బెడ్ పెద్దది కాదు. ఇది తిరుగులేని మాట. జంట యంత్రంలో సెంటర్ ఎత్తు ఎంతో అంతకు మించిన పని దానితో కాదు, ఏ మార్పూ ఆ హద్దును చెరపలేదు. అయితే గంటకు ఎంత లోహం తీశామన్నది కూలీ, కరెంటు, అద్దె లెక్కలున్నచోట కొలమానం. షెడ్డులో కొలమానం చివరి కోత తర్వాత మైక్రోమీటర్ చూపే అంకె. పలుచటి కోతలతో, బిగించిన జిబ్‌లతో చిన్న యంత్రం మంచి అంకెనే చూపగలదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం చరిత్రే లేవనెత్తుతుంది. 1970ల తర్వాత తూర్పు ఆసియా నుంచి చవకగా చిన్న మిల్లులు రాగానే ఇంగ్లండ్‌లో ఎందరో వర్టికల్ స్లైడ్‌ను అలమరాలో పెట్టేశారు. గతి లేకే లేత్ మీద మిల్లింగ్ చేశారని దీంతో తేలిపోలేదా? కొంత తేలింది, ఒప్పుకోవాలి. చోటూ డబ్బూ ఉంటే రెండు యంత్రాలు మేలు. కానీ ఆ చవక మిల్లులను ఏం చేశారో కూడా చూడాలి. వాటిని విప్పి, స్లైడులు గీకి సమం చేసి, స్తంభాలు బలపరిచి, తాళాలు చేర్చారు. అవసరం తీరినా అలవాటు పోలేదు. పేదరికం ఒక్కటే కారణమైతే అది పోగానే ఈ పని కూడా ఆగిపోవాలి.

మైఫర్డ్ బీస్టన్ కర్మాగారం 2011లో మూతపడింది. ఆ లేత్‌ల మీద మార్పులు మాత్రం ఆగలేదు, ఇప్పుడు వాటిలో కొన్ని మరచుట్ల వైపు సాగుతున్నాయి. ఎం.ఎల్.7 లెడ్ స్క్రూకు అంగుళానికి 8 చుట్లు, అంటే ఒక్కో చుట్టు 3.175 మిల్లీమీటర్లు. దాని మీద సరిగ్గా 1 మిల్లీమీటరు మర కోయాలంటే 40కి 127 నిష్పత్తి కావాలి. 127 ప్రధాన సంఖ్య కాబట్టి దాన్ని చిన్న చక్రాలుగా విడగొట్టడం కుదరదు, 127 పళ్ల చక్రమే కావాలి. బ్రిటన్ 1965లో మెట్రిక్ దారి పట్టిన తర్వాత ఆ పెద్ద చక్రాన్ని ఇరుకైన కవరు లోపల ఇమిడ్చే ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. ఇప్పుడు కొందరు చక్రాల వరస మొత్తం తీసేసి, స్పిండిల్‌కు ఎన్‌కోడర్, లెడ్ స్క్రూకు స్టెప్పర్ మోటారు తగిలించి, నడుమ చిన్న మైక్రోకంట్రోలర్ పెడుతున్నారు. 127 పళ్ల చక్రం ఒక ప్రోగ్రాంలో అంకెగా మారిపోయింది. ఆ ప్రోగ్రాంను రాసినవాళ్లు మోడల్ ఇంజనీర్‌లో డ్రాయింగులు అచ్చువేసినవాళ్లలాగే దాన్ని అందరికీ ఇచ్చేస్తున్నారు, తీసుకున్నవాళ్లు తమ లేత్‌కు తగ్గట్టు దాన్ని మళ్లీ మారుస్తున్నారు.